సైటేషన్లు చూసి పీహెచ్‌డీ గైడ్‌ని ఎంచుకోవచ్చా? సిగ్నల్ ప్రాసెసింగ్ వాళ్ళు కాస్త చెప్పండి

ధ్వనితరంగం

అందరికీ నమస్కారం. నేను సిగ్నల్ ప్రాసెసింగ్‌లో పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నా, ఏరియా కూడా దాదాపు ఫిక్స్ అయిపోయింది, అరే ప్రాసెసింగ్, అంటే చాలా సెన్సర్లు వరసగా పెట్టి సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తోందో కనుక్కునే పని. గైడ్ కోసం వెతికి వెతికి చివరికి ఇద్దరి దగ్గర ఆగాను.

ఒకాయనకి మొత్తం సైటేషన్లు (అంటే ఆయన పేపర్లని వేరే పేపర్లు ప్రస్తావించిన లెక్క) చాలా ఎక్కువ, రెండో ఆవిడ కంటే కొన్ని రెట్లు ఉంటాయి. కానీ గూగుల్ స్కాలర్‌లో ఆయన ప్రొఫైల్ కిందికి జరుపుతూ చూస్తే అందులో సగానికి పైగా ఒకే ఒక్క ట్యుటోరియల్ పేపర్‌కి వచ్చినవే. ఆవిడకి అలా పేలిపోయిన పేపర్ ఏదీ లేదు, కానీ ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్ ఆన్ సిగ్నల్ ప్రాసెసింగ్ అనే జర్నల్‌లో ఏళ్ళ తరబడి వరసగా రాస్తూ వస్తున్నారు, ఒక్కోదానికి ఓ మాదిరి సైటేషన్లు. నాకు అర్థం కానిది ఏంటంటే ఇద్దరి హెచ్-ఇండెక్స్ ఇంచుమించు ఒకటే, మరి అంత తేడా ఉన్న సైటేషన్లు ఏమైపోయినట్టు?

ఇంకోటి, ఆయన నంబర్ స్కాలర్‌లో ఒకలా, స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్‌లో ఇంకోలా ఉంది, స్కోపస్‌లో బాగా తక్కువ. దేన్ని నమ్మాలి? ఫ్రెండ్స్ అందరూ సైటేషన్లు ఎక్కువున్న ఆయన దగ్గరికే వెళ్ళు, రేపు రికమెండేషన్ లెటర్‌కి బరువు ఉంటుంది అంటున్నారు. నాకేమో ఆవిడ పేపర్లు చదువుతుంటే పని ముచ్చటగా అనిపిస్తోంది. ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళు అసలు ఒక రీసెర్చర్ పబ్లికేషన్ లిస్టుని ఎలా చదువుతారో చెప్పండి.

ఫిల్టర్‌బ్యాంక్

ముందు హెచ్-ఇండెక్స్ సంగతి తేల్చేద్దాం, చాలామంది దాన్ని వాడతారు గానీ అది దేన్ని పట్టించుకోదో చూడరు.

దీన్ని హోర్హే హిర్ష్ అనే ఫిజిసిస్ట్ 2005లో ప్రతిపాదించాడు. పేపర్లని సైటేషన్ల ప్రకారం పైనుంచి కిందికి పేర్చాలి, కనీసం హెచ్ సైటేషన్లు ఉన్న పేపర్లు హెచ్ ఉంటే ఆ సంఖ్యే హెచ్-ఇండెక్స్. ఊరికే ఒక లెక్క చూడు. ఒకరి ఐదు పేపర్లకి 100, 40, 6, 5, 2 సైటేషన్లు అనుకో, మొత్తం 153. ఇంకొకరి ఐదింటికి 8, 7, 6, 5, 4, మొత్తం 30. ఇద్దరికీ హెచ్-ఇండెక్స్ 4. నాలుగో పేపర్‌కి కనీసం నాలుగు వచ్చాయా అన్నదే లెక్క, పైన ఉన్న పేపర్ వందని దాటినా వెయ్యిని దాటినా దానికి పట్టదు. నువ్వు చూసిన ఇద్దరి విషయంలో జరిగింది ఇదే, ఆయన ట్యుటోరియల్ సైటేషన్లన్నీ హెచ్-ఇండెక్స్ దగ్గరకి వచ్చేసరికి ఒక్క పేపర్ కిందే లెక్క.

అలాగే అది వయసుతో పాటు పెరుగుతుంది తప్ప తగ్గే ప్రశ్నే లేదు, మనిషి పని మానేసినా పాత పేపర్లకి సైటేషన్లు వస్తూనే ఉంటాయి కదా. హిర్ష్ కూడా కెరీర్ ఎన్నేళ్ళు అన్న దానితో భాగించి చూడమన్నాడు, ఇరవై ఏళ్ళకి 20 ఉంటే సక్సెస్‌ఫుల్ సైంటిస్ట్ అని ఒక అంచనా కూడా ఇచ్చాడు, అయితే అది ఫిజిక్స్ వాళ్ళని చూసి ఇచ్చింది, మన దగ్గరికి యథాతథంగా తెచ్చుకోకూడదు. కాబట్టి ఇద్దరి మొదటి పేపర్ ఏ సంవత్సరంలో వచ్చిందో చూడు. ఆవిడ ఆయన కంటే పదేళ్ళు వెనక మొదలుపెట్టి అదే హెచ్-ఇండెక్స్‌కి వచ్చి ఉంటే ఆ కథే వేరు.

స్కాలర్, స్కోపస్ తేడా గురించి కంగారు పడక్కర్లేదు, రెండూ 2004లో మొదలైనవే, రెండూ లెక్కపెట్టేది వేరు. స్కాలర్ దొరికినవన్నీ కలుపుతుంది, ప్రీప్రింట్లు (జర్నల్‌లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టినవి), థీసిస్‌లు, పుస్తకాలు, పేటెంట్లు అన్నీ. స్కోపస్ తన ఇండెక్స్‌లో ఉన్న జర్నల్స్, కాన్ఫరెన్సులు, పుస్తకాలు మాత్రమే చూస్తుంది, అందుకే ఎవరికైనా అక్కడ తక్కువే వస్తుంది. ఇద్దర్నీ పోల్చేటప్పుడు ఇద్దరికీ ఒకే చోట చూడు, ఒకరిది స్కాలర్‌లో ఇంకొకరిది స్కోపస్‌లో చూస్తే ఆ పోలికకి అర్థం లేదు.

నాయిస్‌ఫ్లోర్

పైన ఫిల్టర్‌బ్యాంక్ గారు చెప్పిన లెక్క కరెక్టే. నేను ఆ నంబర్ వెనకాల ఏముంటుందో చెప్తాను, ఎందుకంటే మన ఫీల్డ్‌లో సైటేషన్లకీ పని విలువకీ మధ్య సంబంధం చాలా వంకరగా ఉంటుంది, ఇది తెలియకుండా గైడ్‌ని ఎంచుకోవడం నాకు నిజంగా బాధగా అనిపిస్తుంది.

నువ్వు చెప్పిన ఏరియాలోనే చూద్దాం. దిక్కు కనుక్కునే ఏ పేపర్ తెరిచినా ఒక గ్రాఫ్ ఉంటుంది, అడ్డంగా ఎస్ఎన్ఆర్ (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ ఎంత బలంగా ఉందో), నిలువుగా ఎర్రర్, అందులో వాళ్ళ అల్గారిథమ్ గీతలన్నిటి కింద ఇంకో గీత, క్రామెర్-రావు బౌండ్. బయాస్ లేని ఎస్టిమేటర్, అంటే సగటున సరైన జవాబే ఇచ్చే అంచనా పద్ధతి, ఏదైనా సరే ఇంతకంటే తక్కువ వేరియన్స్‌కి (జవాబుల చెదురుకి) దిగలేదు అని చెప్పే హద్దు అది. అందులో రావు అంటే మన సి.ఆర్. రావు గారే, 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వేసిన పేపర్ అది, అప్పటికి ఆయనకి పాతికేళ్ళు. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఆయనకి ఇచ్చింది ఈ పేపర్‌లో చేసిన పని గుర్తుగానే. ఇప్పుడు ఆ గ్రాఫ్ వేసినవాళ్ళ రిఫరెన్సులు తిరగేయి, 1945 పేపర్ ఎంతమంది పెట్టారో చూడు, చాలా కొద్దిమంది. బౌండ్ పేరే చాలు, అందరికీ తెలుసు కాబట్టి సైట్ చెయ్యరు. ఒక ఆలోచన ఫీల్డ్‌లో పూర్తిగా కలిసిపోతే సైటేషన్ ఆగిపోతుంది, సోషియాలజిస్ట్ రాబర్ట్ మెర్టన్ చాలా కాలం క్రితమే గమనించిన విషయం ఇది.

డీసీటీ (డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్, సిగ్నల్‌ని కొసైన్ తరంగాలుగా విడగొట్టే లెక్క) కూడా అంతే. నాసిర్ అహ్మద్, నటరాజన్, కె.ఆర్. రావు కలిసి 1974లో ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్ ఆన్ కంప్యూటర్స్‌లో వేశారు, మొత్తం నాలుగు పేజీలు. దానికంటే ముందు 1972లో అహ్మద్ దీని మీద పని చేస్తానని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కి ప్రపోజల్ పెడితే ఆలోచన మరీ సింపుల్‌గా ఉందన్న రివ్యూతో తిరస్కరించారు, ఆయనే తర్వాత రాసుకున్నాడు. 1992లో వచ్చిన జేపెగ్ స్టాండర్డ్ బొమ్మని 8 బై 8 బ్లాకులుగా కోసి ఒక్కో బ్లాక్ మీద చేసేది ఈ డీసీటీయే. ఆ పేపర్‌కి వేల సైటేషన్లు ఉన్నాయి, కాదనను, కానీ రోజూ మన ఫోన్లలో తెరుచుకునే జేపెగ్ ఫోటోల్లో దేనికీ సైటేషన్ ఉండదు కదా, మరి ఆ ప్రభావాన్ని ఏ ప్రొఫైల్ పేజీ చూపిస్తుంది?

ఇక రెండో వైపు, ట్యుటోరియల్. లారెన్స్ రాబినర్ 1989లో ప్రొసీడింగ్స్ ఆఫ్ ది ఐఈఈఈలో హిడెన్ మార్కోవ్ మోడల్స్ (హెచ్ఎమ్ఎమ్, పైకి కనిపించే సిగ్నల్ వెనక దాగిన స్థితులని అంచనా వేసే మోడల్స్) మీద ఒక ట్యుటోరియల్ రాశాడు, దానికి పదివేల లెక్కన సైటేషన్లు ఉన్నాయి. ఆ మ్యాథ్స్ చాలావరకు 1960ల చివర్లో బామ్, ఆయన తోటివాళ్ళు చేసింది. కొత్త సిద్ధాంతం లేదు కదా అని దాన్ని చిన్నచూపు చూస్తే అది మహా అన్యాయం, ఎందుకంటే ఒక తరం స్పీచ్ రీసెర్చర్లు హెచ్ఎమ్ఎమ్ నేర్చుకుంది ఆ పేజీల్లోనే, చెల్లాచెదురుగా ఉన్నదాన్ని ఒక క్రమంలో పెట్టి మూడు ప్రశ్నలుగా విడగొట్టి చూపించడం గొప్ప పని. అరే ప్రాసెసింగ్‌లో కూడా క్రిమ్, విబెర్గ్ 1996లో సిగ్నల్ ప్రాసెసింగ్ మ్యాగజైన్‌లో రాసిన సర్వే ఉంది, ఈ ఏరియాలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి ఈరోజుకీ అదే ఇస్తారు.

కాబట్టి ఆ ఒకాయన ట్యుటోరియల్ నిజంగా బాగుంటే అది ఆయన గురించి ఒక మంచి విషయం చెప్తోంది, విషయాన్ని అరటిపండు ఒలిచినట్టు చెప్పగలడని. స్టూడెంట్‌కి అది చిన్న వరం కాదు. కానీ ఆయన దగ్గర కొత్త సమస్యలు ఉన్నాయా లేదా అన్నది మాత్రం ఆ నంబర్ చెప్పదు, దానికి మిగతా పేపర్లే చదవాలి.

బీమ్‌ఫార్మర్_07

నేను కొంచెం వేరేగా చెప్తా, కోపం తెచ్చుకోకండి. మీరు చెప్పిందంతా నిజమే కానీ రేపు ఈ అబ్బాయి ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు కమిటీలో కూర్చున్నవాళ్ళకి ఒక్కో ఫైల్ మీద పెట్టడానికి అంత టైమ్ ఉండదు, వాళ్ళు నంబరే చూస్తారు, గైడ్ పేరే చూస్తారు. దాన్ని పట్టించుకోకుండా ఉండమనడం సలహా కాదు.

అయితే నంబర్ చూసినా బుద్ధిగా చూడొచ్చు. టాప్ 2 శాతం సైంటిస్టుల లిస్ట్ అని ఏటా వార్తల్లో వస్తుంది కదా, ఇయోనిడిస్ బృందం స్కోపస్ డేటాతో చేసేది, దాని గురించి 2019లో ప్లాస్ బయాలజీలో పేపర్ వచ్చింది. ఆ లిస్ట్‌లో పేరుందా లేదా అన్నది వదిలెయ్, అందులో వాళ్ళు వాడిన లెక్క మాత్రం పనికొస్తుంది. మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్‌తో పాటు, కో-ఆథర్లు ఎంతమందో దాన్ని బట్టి సర్దిన హెచ్-ఇండెక్స్, ఒంటరిగా రాసిన పేపర్లకి వచ్చినవి, మొదటి పేరుగా ఉన్నవాటికి, చివరి పేరుగా ఉన్నవాటికి, ఇలా ఆరు కొలతలు కలుపుతారు, పైగా సెల్ఫ్ సైటేషన్లు (తమ పేపర్లని తామే సైట్ చేసుకున్నవి) తీసేస్తే ఎంత అన్నది పక్కనే వేరే కాలమ్‌లో చూపిస్తారు. ఆ ఫైల్ ఫ్రీగా డౌన్‌లోడ్ అవుతుంది. ఆ ఇద్దరూ అందులో ఉంటే సెల్ఫ్ సైటేషన్ శాతం కాలమ్ చూడు, ఒకరిది మిగతావాళ్ళతో పోలిస్తే మరీ ఎత్తుగా ఉంటే ఎందుకో అడగాలి.

ఇంకోటి, జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి పేపర్‌ని అంచనా వెయ్యకు. అది గత రెండేళ్ళలో ఆ జర్నల్‌లో వచ్చిన పేపర్లకి ఈ ఏడాది వచ్చిన సైటేషన్ల సగటు, జర్నల్‌ది, పేపర్‌ది కాదు. పేపర్ని జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో తూచకూడదని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కో డిక్లరేషన్ అని, డోరా అంటారు, ఒకటి తెచ్చి చాలా సంస్థలు సంతకాలు కూడా పెట్టాయి.

ధ్వనితరంగం

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. బీమ్‌ఫార్మర్ గారూ, నేను అబ్బాయిని కాదండీ, అమ్మాయిని 🙂

రెండు డౌట్లు. ఆవిడ పేపర్లలో చాలావాటికి ఆవిడ పేరు చివర ఉంది, మొదట వేరే వేరే పేర్లు. అంటే పని ఆవిడది కాదనా? ఇంకా, ఆయనకి ఐకాస్ప్ కాన్ఫరెన్స్ పేపర్లు చాలా ఉన్నాయి, వాటిలో కొన్నింటి టైటిల్స్ జర్నల్ పేపర్ టైటిల్స్‌కి దగ్గరగా ఉన్నాయి. ఒకే పనిని రెండుసార్లు వేసుకున్నట్టా?

ఫిల్టర్‌బ్యాంక్

సారీ అమ్మా బీమ్‌ఫార్మర్ తరఫున కూడా 🙂

చివర పేరు ఉండటం తప్పు కాదు సరికదా నువ్వు వెతకాల్సిందే అది. మన దగ్గర ఎక్కువగా పని చేసిన స్టూడెంట్ పేరు మొదట, గైడ్ పేరు చివర. మ్యాథ్స్ వైపు వాళ్ళు రాస్తే అక్షరక్రమంలో పెట్టుకుంటారు, అది వేరు. నీ ఏరియాలోనే మంచి ఉదాహరణ ఉంది, నెస్టెడ్ అరేలు. 2010లో ట్రాన్సాక్షన్స్ ఆన్ సిగ్నల్ ప్రాసెసింగ్‌లో వచ్చిన పేపర్, మొదటి పేరు పియా పాల్, రెండో పేరు పి.పి. వైద్యనాథన్, అప్పుడామె కాల్‌టెక్‌లో ఆయన పీహెచ్‌డీ స్టూడెంట్. మామూలుగా మ్యూజిక్ అని పిలిచే, దిక్కు కనుక్కునే అల్గారిథమ్‌తో సెన్సర్ల సంఖ్య కంటే తక్కువ సోర్సులనే విడదీయగలం, వీళ్ళు సెన్సర్లని రెండు రకాల ఎడంతో అమర్చి, సెన్సర్ల స్థానాల మధ్య తేడాలనే కొత్త సెన్సర్లలాగా వాడుకుని, ఎన్ సెన్సర్లతో ఎన్ స్క్వేర్ స్థాయిలో సోర్సులని పట్టొచ్చని చూపించారు. మరుసటి ఏడాదే కోప్రైమ్ అరేల (సెన్సర్లకి ఇలాంటిదే ఇంకో అమరిక) పేపర్, అందులో వైద్యనాథన్ పేరు ముందు, పాల్ పేరు తర్వాత. అంటే పేరు ముందా వెనకా అని ఒక్క పేపర్‌లో చూసి తీర్పు ఇవ్వలేం, నాలుగైదేళ్ళ లిస్ట్ మొత్తం చూడాలి. ఆ లిస్ట్‌లో మొదటి పేరుగా ఉన్న స్టూడెంట్లు తర్వాత ఏమయ్యారు, వాళ్ళు గైడ్ పేరు లేకుండా సొంతంగా పేపర్లు వేస్తున్నారా, ఇది చూడు. నా దృష్టిలో గైడ్ గురించి ఏ ఇండెక్స్ కంటే ఇదే గట్టి సాక్ష్యం.

ఐకాస్ప్ సంగతి. 1976 నుంచి జరుగుతున్న కాన్ఫరెన్స్ అది, పేపర్ అంటే నాలుగు పేజీల విషయం, ఆపైన రిఫరెన్సులు. ఆలోచన తాజాగా ఉన్నప్పుడు అక్కడ పెట్టి, తర్వాత ప్రూఫ్‌లు, పూర్తి సిమ్యులేషన్లు కలిపి జర్నల్‌కి పంపడం మా దగ్గర మామూలే, తప్పేం కాదు, జర్నల్ పేపర్‌లో ముందు దాన్ని సైట్ చేసి ఏం కలిపారో చెప్తే చాలు. కానీ సైటేషన్ లెక్కలో అవి రెండు పేపర్లు అవుతాయి. ఒక్కోసారి స్కాలర్ వాటిని కలిపేస్తుంది కూడా. అందుకే పేపర్లని లెక్కపెట్టకుండా ఆలోచనలని లెక్కపెట్టు, ఇద్దరి లిస్టులూ ముందు పెట్టుకుని ఒకే ఆలోచన మీద వచ్చినవన్నీ ఒక కుప్పగా వెయ్యి, ఎన్ని కుప్పలు వస్తాయో చూడు.

నాయిస్‌ఫ్లోర్

దీనికి ఇంకో ముక్క కలుపుతా. పాత పేపర్ల తేదీలు మోసం చేస్తాయి, జాగ్రత్త. ఇదే మ్యూజిక్ తీసుకో, అందరూ సైట్ చేసేది రాల్ఫ్ ష్మిట్ 1986 పేపర్, ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్ ఆన్ యాంటెనాస్ అండ్ ప్రోపగేషన్. కానీ అది 1979లో ఒక వర్క్‌షాప్‌లో ఇచ్చిన పేపర్‌కి మళ్ళీ అచ్చు. ప్రొఫైల్‌లో 1986 అని చూసి ఆలోచన కూడా అప్పుడే పుట్టిందనుకుంటే ఏడేళ్ళు తేడా కొట్టేస్తుంది. ఇప్పటి పేపర్లకి ఆర్కైవ్ (arXiv, ప్రీప్రింట్లు పెట్టే సైట్) తేదీ చూడొచ్చు, 2017 నుంచి అక్కడ ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌కి, అందులో సిగ్నల్ ప్రాసెసింగ్‌కి విడిగా సెక్షన్ ఉంది.

సబ్ ఏరియా తేడా కూడా మర్చిపోవద్దు. ఇమేజ్ ప్రాసెసింగ్‌లో ఎస్ఎస్ఐఎమ్ అని బొమ్మ క్వాలిటీ కొలిచే పద్ధతి ఉంది, 2004 నాటిది, బొమ్మని బాగుచేసే అల్గారిథమ్ ఎవరు రాసినా రిజల్ట్స్ టేబుల్‌లో ఆ కాలమ్ పెట్టాల్సిందే, పెట్టినప్పుడల్లా సైట్ చెయ్యాల్సిందే. అందరూ వాడే కొలబద్ద కాబట్టి దాని సైటేషన్లు ఆకాశంలో ఉంటాయి, అది దాని అర్హతే. కానీ అరే ప్రాసెసింగ్‌లో ఒక ఎస్టిమేటర్‌కి ప్రూఫ్ రాసినవాళ్ళని దాని పక్కన నిలబెట్టి తక్కువ అనడం తగదు. వెయ్యిమంది పనిచేసే చోట వచ్చే సైటేషన్లు వందమంది పనిచేసే చోట రావు.

అసలు పని ఇప్పుడు చెప్తా. ఇద్దరివీ సర్వేలు, ట్యుటోరియల్స్ పక్కన పెట్టి తలా రెండు పేపర్లు తీసుకో. స్కాలర్‌లో ఆ పేపర్ కింద దాన్ని సైట్ చేసినవాటి లింక్ ఉంటుంది, అది నొక్కి, కో-ఆథర్లు, పాత స్టూడెంట్లు రాసినవి తీసేసి, మిగిలినవాటిలో కొన్ని తెరిచి ఆ సైటేషన్ ఏ వాక్యంలో ఉందో చదువు. ఇంట్రోలో ఒక్క బ్రాకెట్‌లో పది పేపర్లతో కలిపి విసిరేసిన సైటేషన్ ఒకటి, మేము వీళ్ళ అల్గారిథమ్‌తో పోల్చుకున్నాం అని రిజల్ట్స్‌లో గీత గీసి చూపించింది ఒకటి, వీళ్ళ థీరమ్ లేకపోతే మా ప్రూఫ్ ముందుకెళ్ళదు అని చెప్పింది ఇంకొకటి. కౌంటర్‌లో అన్నీ ఒకటే, చదివితే మాత్రం వాటి మధ్య ఉన్న దూరం కళ్ళకి కడుతుంది.

అన్నట్టు ఒక సందేహం, ఆయన రాసిన ఆ ట్యుటోరియల్‌లో ఆవిడ పేపర్లు ఏమైనా సైట్ చేశాడా? ఇద్దరిదీ ఒకే ఏరియా కదా.

ధ్వనితరంగం

నాయిస్‌ఫ్లోర్ గారూ, మీరు అడిగాక చూశాను. ఉన్నాయండీ, మూడు ఉన్నాయి! రెండు ఇంట్రోలో గుంపులో ఉన్నాయి గానీ మూడోది అలా కాదు, సెన్సర్ల స్థానాల్లో చిన్న చిన్న తప్పులున్నప్పుడు ఏం చెయ్యాలన్న సెక్షన్ మొత్తం ఆవిడ పద్ధతి చుట్టూనే నడిచింది, ఈక్వేషన్లతో సహా. అంటే జనం ఆ ట్యుటోరియల్‌ని సైట్ చేస్తూ వాడుకుంటున్న దాంట్లో కొంత ఆవిడ పని.

సైట్ చేసినవాటిలో కొన్ని తెరిచాను కూడా. ఆవిడ పేపర్‌ని వేరే గ్రూపుల వాళ్ళు బేస్‌లైన్‌గా పెట్టుకుని గ్రాఫ్‌లో పోల్చారు, ఇద్దరు ముగ్గురు. ఆయన ట్యుటోరియల్ కానివాటికి ఎక్కువ ఇంట్రో సైటేషన్లే కనబడ్డాయి, కానీ ఒక పేపర్‌ని మాత్రం హార్డ్‌వేర్ వాళ్ళు తీసుకుని బోర్డ్ మీద అమలు చేశారు, అది నాకు చాలా నచ్చింది. ఇప్పుడు ఆవిడకి మెయిల్ రాద్దామనుకుంటున్నా, ఏం రాయాలి?

బీమ్‌ఫార్మర్_07

ముందు సారీ చెల్లెమ్మా. నువ్వు చేసింది చూశాక నా సలహా కూడా మార్చుకుంటున్నా, ఆవిడకే రాయి, ఆయనకి కూడా రాయి, ఆ హార్డ్‌వేర్ పేపర్ గురించి.

మెయిల్‌లో మీ హెచ్-ఇండెక్స్ చూశాను, మీ సైటేషన్లు చూశాను అని ఒక్క ముక్క కూడా రాయకు. ఆ సెన్సర్ తప్పుల పేపర్‌నే తీసుకుని, నీకు అర్థం కాని ఒక చోటు గురించి అడుగు. ఉదాహరణకి తప్పులు చిన్నవని అనుకున్నప్పుడు కదా ఆ పద్ధతి పనిచేస్తుంది, తప్పు వేవ్‌లెంగ్త్‌లో ఎంత భాగం దాకా ఉంటే అది నిలబడుతుంది, సిమ్యులేషన్‌లో ఎక్కడ ఆపారు, ఇలా. ముందు నువ్వే మాట్‌ల్యాబ్‌లోనో పైథాన్‌లోనో చిన్న కోడ్ రాసి ఆ గ్రాఫ్ మళ్ళీ వస్తుందేమో చూసుకుని, వస్తే ఆ బొమ్మ అటాచ్ చెయ్యి, రాకపోతే ఎక్కడ తేడా వచ్చిందో రాయి. ఇప్పుడు ఆవిడ దగ్గర ఉన్న స్టూడెంట్లలో ఒకరితో మాట్లాడే వీలుందేమో కూడా అడుగు, డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్ళకి చదివి ఇస్తారో వాళ్ళే చెప్పగలరు.